వేటకని వెళ్ళిన వజీరు

దిల్లీ నుంచి దక్కనుకు – ఆరో భాగం

సయ్యద్ సోదరుల కథ పోయిన సంచికతో ముగిసింది. 1720 అక్టోబరులో తమ్ముడు హుస్సేన్ అలీ ఖాన్ పల్లకీలో కూర్చుని ఒక అర్జీ చదువుకుంటుంటే, ఆ అర్జీ ఇచ్చినవాడే కత్తి దించాడు. అన్న అబ్దుల్లా ఖాన్ ఖైదులోనే 1722లో పోయాడు. ఫరుఖ్‌సియర్ పాదుషా కళ్ళు పొడిపించి, ఆనక ప్రాణం తీయించి, 1719 ఒక్క ఏడాదిలోనే దిల్లీ గద్దె మీద నలుగురు పాదుషాలను జనానికి చూపించిన అన్నదమ్ములు వాళ్ళు. ఆ నలుగురిలో చివరివాడు ముహమ్మద్ షా. గద్దెనెక్కేనాటికి పదిహేడేళ్ళు. సయ్యదుల పీడ విరగడైంది కదా, ఇక దిల్లీ తేరుకుంటుందని ఊరంతా అనుకుంది.

ఆ ఆశతోనే 1722 ఫిబ్రవరిలో దక్కను నుంచి కొత్త వజీరును పిలిపించారు. పేరు కమరుద్దీన్. అది ఔరంగజేబు పెట్టిన పేరు. మన పాఠ్యపుస్తకాల్లో నిజాం ఉల్ ముల్క్. అప్పటికి వయసు యాభై దాటింది. తాత ఖ్వాజా ఆబిద్ 1687లో గోల్కొండ ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి ప్రాణం వదిలాడు. తండ్రి ఘాజీయుద్దీన్ ఖాన్ ఫిరోజ్ జంగ్ ఔరంగజేబు సేనానుల్లో పేరుమోసినవాడు. మన తెలుగువాళ్ళు రైలు దిగే న్యూఢిల్లీ స్టేషన్‌లో అజ్మేరీ గేట్ వైపు బయటికొస్తే, నడిచి వెళ్ళేంత దూరంలో ఆ తండ్రి కట్టించిన మదరసా, పక్కనే ఆయన సమాధి ఉన్నాయి. తర్వాతి కాలంలో దిల్లీ కాలేజీ నడిచింది ఆ ఆవరణలోనే. ఇప్పుడు ఆంగ్లో అరబిక్ స్కూలు నడుస్తోంది. అంటే వజీరుగారికి దిల్లీ పరాయి ఊరేమీ కాదు. తండ్రి నిద్రపోతున్న ఊరు.

వచ్చీ రాగానే ఆయన పాదుషా ముందు కొన్ని సంస్కరణలు పెట్టాడు. ఖాల్సా భూములను, అంటే సర్కారు ఖజానాకు నేరుగా శిస్తు రావలసిన భూములను, ఇజారాకు వేలం వేయడం ఆపాలి. పేష్కష్ పేరుతో దర్బారులో నడుస్తున్న లంచాలు కట్టిపెట్టాలి. అర్హత లేనివాళ్ళు మింగేసిన జాగీర్లు వెనక్కి తీసుకుని పనిచేసే మన్సబ్‌దారులకు ఇవ్వాలి. ఔరంగజేబు కాలపు క్రమశిక్షణ మళ్ళీ రావాలి. వీటితోపాటు జిజియా పన్ను కూడా తిరిగి వేయాలన్నాడు. రెండేళ్ళ కిందటే, 1720లో, రాజా జైసింగ్ వంటివాళ్ళ మాట మీద పాదుషా ఎత్తేసిన పన్ను అది. నిజాంను దూరదృష్టి గల సంస్కర్తగా పొగిడే పుస్తకాలు ఈ చివరి అంశాన్ని చల్లగా దాటేస్తాయి. దాటేయకూడదు. కూలుతున్న ఇంటికి ఆయన పోట్లు పెట్టాలనుకున్నది నిజమే, కానీ వాటిలో ఒకటి ఇంట్లో సగంమందిని బయటికి నెట్టేది.

ఈ కథ మనకు చెప్పినవాళ్ళలో ముఖ్యుడు ఖాఫీ ఖాన్. ఆయన చివరి రోజుల్లో నిజాం కొలువులోనే ఉన్నాడు. కాబట్టి దిల్లీ దర్బారు ఎంత కుళ్ళిపోయిందో చెప్పేటప్పుడు ఆయన కలం కాస్త జోరుగా కదిలిందనే అనుకోవాలి. అయినా మిగతా సాక్ష్యాలూ అటే మొగ్గుతాయి. పాదుషా ముద్ర కోకీ జీ అనే అంతరంగికురాలి చేతిలో ఉండేదని, అర్జీ కదలాలంటే ముందు ఆమెకు ముట్టజెప్పాలని ఆనాటివాళ్ళు రాశారు. ఖాన్ దౌరాన్ వంటి సర్దారులకు కొత్త వజీరంటే గిట్టదు. ఔరంగజేబు కాలపు దుస్తుల్లో, ఆ కాలపు మర్యాదతో ఆయన నడుం వంచి సలాము చేస్తుంటే కుర్ర సర్దారులు దక్కను కోతి అని గుసగుసలాడి నవ్వుకునేవారని చెబుతారు. యాభై ఏళ్ళు దాటిన సేనాని, ఎన్నో యుద్ధాలు చూసినవాడు, ఆ నవ్వులు వినబడనట్టే నడిచి వెళ్ళి ఉంటాడు. ఆయనకు వినబడకపోలేదని తర్వాత జరిగినదాన్ని బట్టి తెలుస్తుంది.

1723 నాటికి ఆయన ముందున్న దారులేమిటి? సయ్యదులు చేసినట్టు పాదుషానే గుప్పిట్లో పెట్టుకోవచ్చు. సైన్యబలం ఉంది. కానీ ఆ దారి ఎక్కడికి పోతుందో మూడేళ్ళ కిందటే చూశాడు. నోరు మూసుకుని పదవిలో కొనసాగవచ్చు, చాలామంది చేస్తున్న పని అదే. అన్నీ వదిలి ఫకీరులా కూర్చోవచ్చు. అదీ ఆయనకు కొత్త కాదు. బహదూర్ షా కాలంలో ఉద్యోగం వదిలేసి దిల్లీలోనే కొన్నాళ్ళు అలా గడిపాడు. మొగలు సర్దారులకు ఇంకో మర్యాదైన దారి ఉండేది: మక్కాకు పోతానని సెలవు అడగడం. ఇక మిగిలింది దక్కను. ఆరు సుబాల దక్కను, 1713లో ఒకసారి, 1720లో కత్తితో మరోసారి తాను చేజిక్కించుకున్న దక్కను. అక్కడి కోటలు, శిస్తు లెక్కలు, మరాఠాల ఎత్తులు అన్నీ ఆయనకు కరతలామలకం.

ఆయన నిర్ణయాన్ని ధైర్యమనో పిరికితనమనో తేల్చే ముందు చూడవలసింది ఇదేనని నా ఉద్దేశం. ఉండాలా పోవాలా అని తర్కించుకునే భాగ్యం ఆయనకు ఉంది, ఎందుకంటే పోవడానికి ఆయనకు ఒక దేశమే ఉంది. చాందినీ చౌకులో మసాలా అమ్ముకునేవాడికి ఆ ప్రశ్నే రాదు.

1723 డిసెంబరులో వజీరు ఒంట్లో బాగాలేదని, గాలి మార్పు కావాలని, వేటాడి వస్తానని చెప్పి మొరాదాబాద్ వైపు బయలుదేరాడు. అక్కడ ఆయన పూర్వం ఫౌజ్‌దారు, కనుక ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చినా పట్టించుకోలేదు. పీడ పోయిందనుకున్నారు. కొన్నాళ్ళకు మాల్వాలో, గుజరాత్‌లో మరాఠాల అలజడి ఎక్కువైందని, తాను వెళ్ళక తప్పదని కబురు పంపి గుర్రాలను దక్షిణానికి తిప్పాడు. 1724 నడిమికల్లా ఔరంగాబాద్ చేరాడు.

దిల్లీకి అప్పుడు మెలకువ వచ్చింది. హైదరాబాద్ సుబేదారు ముబారిజ్ ఖాన్‌కు రహస్యంగా ఫర్మానాలు వెళ్ళాయి: దక్కను మొత్తం నీదే, వాణ్ణి అడ్డుకో. అప్పటికి పదేళ్ళకు పైగా తెలుగునేల మీద పాతుకుపోయినవాడు ముబారిజ్ ఖాన్. హైదరాబాద్ చుట్టూ ప్రాకారం మొదలుపెట్టింది ఆయనే. 1724 అక్టోబరు 11న బెరార్‌లోని షకర్‌ఖేడా దగ్గర ఇద్దరూ తలపడ్డారు. ముబారిజ్ ఖాన్ అక్కడే కూలిపోయాడు. నిజాం ఆయన తలను పాదుషాకు పంపి, తిరుగుబాటుదారుణ్ణి అణచినందుకు అభినందనలు తెలిపాడని చెబుతారు. ఎవరి ఫర్మానా మీద ఎవరు తిరుగుబాటు చేశారో ఇద్దరికీ తెలుసు. పాదుషా ఏమీ ఎరగనట్టు ఆసఫ్ జా అనే బిరుదు పంపించాడు. ఆయన ఏమీ ఎరగనట్టు పుచ్చుకున్నాడు. ముబారిజ్ ఖాన్ సగంలో వదిలిన ప్రాకారాన్ని కూడా తర్వాత ఆయనే పూర్తి చేయించాడు.

ఆయన స్వతంత్ర రాజునని ఎన్నడూ చాటుకోలేదు. నాణేల మీద దిల్లీ పాదుషా పేరే వేయించాడు. 1857 దాకా, అంటే అసలు దిల్లీయే లేకుండా పోయేదాకా, హైదరాబాద్ నాణేల మీద ఆ పేరు నిలిచింది. దేశం వదిలి పోయినవాళ్ళు స్వదేశపు పండుగలు మరింత ఘనంగా చేసుకోవడం మనం చూస్తూనే ఉన్నాం, ఇదీ ఆ కోవలోదే. అయితే నాణెం మీద పేరు వెళ్ళింది గానీ నాణేలు దిల్లీకి వెళ్ళలేదు. దక్కను శిస్తు ఉత్తరాదికి అందడం నానాటికీ తగ్గింది. జీతాలందని సైన్యం దిల్లీలో నానాటికీ పలచబడింది. ఇల్లు కూలుతోందని వెళ్ళిపోయిన పెద్దమనిషి ఒక దూలం కూడా వెంట తీసుకెళ్ళాడు. నిజాం అభిమానులు ఒప్పుకోని మాట ఇది. దిల్లీ అభిమానులు ఒప్పుకోని మాట మరొకటి ఉంది. ఆయన ఉండిపోయి ఉంటే ఆ దూలాన్ని పొయ్యిలో పెట్టేవాళ్ళు.

దక్కనులో సుఖపడ్డాడా అంటే అదీ లేదు. 1728లో పాల్ఖేడ్ దగ్గర మరాఠా పీష్వా బాజీరావు ఆయనను నీళ్ళు కూడా దొరకని చోట ఇరికించి సంధికి దింపాడు. 1737 వసంతంలో అదే బాజీరావు దిల్లీ పొలిమేరల్లోకి వచ్చాడు. నేటి కాల్కాజీ ఆలయం దగ్గర శ్రీరామనవమి జాతరలో మరాఠా గుర్రాలు కనిపించాయి, తాల్‌కటోరా దగ్గర పాదుషా సేన ఓడింది. దర్బారు గడగడలాడి, పద్నాలుగేళ్ళ కిందట నవ్వి పంపిన ముసలాయనను మళ్ళీ రమ్మని వేడుకుంది. ఆయన వచ్చాడు. రాకపోయినా అడిగేవాడు లేడు, వయసు అరవై ఆరు. ఎందుకు వచ్చాడో ఒక్క కారణంతో చెప్పడం కష్టం. తండ్రి సమాధా, పంతమా, మాల్వా మీద ఆశా, అన్నీ కలిసే ఉంటాయి. ఆ ఏడాది చివర భోపాల్ దగ్గర బాజీరావు చేతిలో మళ్ళీ దెబ్బతిన్నాడు. అంతలోనే పడమటి నుంచి ఇరాన్ పాలకుడు నాదిర్ షా వచ్చాడు.

కర్నాల్ ఈనాటి ఎన్‌సీఆర్ పటంలో ఒక జిల్లా. 1739 ఫిబ్రవరి 24న అక్కడ మొగలు సేన కొన్ని గంటల్లో చెదిరిపోయింది. నిజాంను ఎగతాళి చేసిన ముఠాలోని ఖాన్ దౌరాన్ గాయాలతో చనిపోయాడు. నిజాం నాదిర్ షా డేరాకు వెళ్ళి, యాభై లక్షలు తీసుకుని వెనక్కి వెళ్ళేలా ఒప్పించాడు. అక్కడితో ఆగిపోవలసిందే. కానీ ఖాన్ దౌరాన్ ఖాళీ చేసిన మీర్ బక్షీ పదవి నిజాంకు దక్కిందని అవధ్ నవాబు సాదత్ ఖాన్‌కు కడుపు మండింది. దిల్లీకి పోతే ఇరవై కోట్లు దొరుకుతాయి, యాభై లక్షలతో పోతావేమిటని నాదిర్ చెవిలో ఊదాడు. శత్రువు డేరా ముందు కూడా పదవి కోసం కొట్టుకున్న దర్బారు అది. మార్చి 22న చాందినీ చౌకులోని సునేహ్రీ మసీదులో నాదిర్ కూర్చుని ఉండగా పొద్దున్నుంచి నరమేధం సాగింది. చచ్చినవాళ్ళు ఇరవై వేలని కొందరు, ముప్పై వేలని కొందరు రాశారు. నెమలి సింహాసనం, కోహినూరు వెళ్ళిపోయాయి. వడ్రంగులను, తాపీ పనివాళ్ళను కూడా నాదిర్ వెంట తీసుకెళ్ళాడు. వాళ్ళను ఎవరూ వెళ్తారా ఉంటారా అని అడగలేదు.

కర్నాల్‌లో ఖాన్ దౌరాన్ పోవడంతో ఆగ్రా నుంచి వచ్చిన పదహారేళ్ళ పిల్లవాడికి అందుతున్న రోజుకు ఒక రూపాయి భత్యం ఆగిపోయింది. ఆ పిల్లవాడు మీర్ తఖీ మీర్. వజీరు వేటకని వెళ్ళిన ఏడాదే పుట్టాడు. ఉర్దూ కవిత్వానికి పెద్దదిక్కు అయిన ఈ మనిషి బతుకంతా దిల్లీ వదలడం, తిరిగి రావడం, మళ్ళీ వదలడం. తండ్రి లేడు. సవతి మేనమామ, గొప్ప పండితుడు ఖాన్ ఎ ఆర్జూ ఇంట్లో ఉండి గొడవపడి బయటికొచ్చాడు. చంద్రుడిలో మనిషి ముఖం కనబడేంత ఉన్మాదం పట్టి కోలుకున్నాడు. 1757లో అహ్మద్ షా అబ్దాలీ దిల్లీని దోచినప్పుడు, ఆ తర్వాత పానిపట్టు యుద్ధానికి ముందూ వెనుకా ఊరు వల్లకాడైనప్పుడు, పొట్ట చేతబట్టుకుని భరత్‌పూర్ జాట్ల రాజ్యానికి, కుమ్హేర్, డీగ్ కోటల నీడకు చేరాడు. అదీ దిల్లీకి కొద్ది రోజుల దూరమే. ఎప్పుడు బాగుపడితే అప్పుడు పోదామనుకునేవాళ్ళు ఎంచుకునే దూరం. ఈ తిరుగుళ్ళన్నీ పారసీలో రాసుకున్న ఆత్మకథ ‘జిక్ర్ ఎ మీర్’లో ఉన్నాయి.

మిగతావాళ్ళు ముందే కదిలారు. ఖాన్ ఎ ఆర్జూ లక్నో వెళ్ళి 1756లో అక్కడే పోతే, శవాన్ని దిల్లీకి తెచ్చి పూడ్చారు. బక్కచిక్కిన గుర్రం మీద వ్యంగ్య కవిత రాసి మొగలు సైన్యం దుస్థితిని నవ్విన సౌదా ఫరూఖాబాద్ మీదుగా ఫైజాబాద్, లక్నో చేరి 1781లో పోయాడు. పాదుషా రెండో షా ఆలమే పన్నెండేళ్ళకు పైగా దిల్లీ ముఖం చూడకుండా తూర్పున గడిపి, 1772 జనవరిలో మరాఠాల అండతో తిరిగి వచ్చాడు. షా ఆలం రాజ్యం దిల్లీ నుంచి పాలం దాకా అని జనం వేళాకోళం చేసేవారు. ఆ మాట అంతకు మూడు వందల ఏళ్ళ ముందే, దిల్లీ వదిలి బదాయూ వెళ్ళిపోయిన సయ్యద్ వంశపు ఆలం షా మీద పుట్టిందనీ అంటారు. పాలంలో ఇప్పుడు విమానాశ్రయం ఉంది. 2022లో 2,25,620 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. గురుగ్రామ్, నోయిడా అపార్టుమెంట్లలో రాత్రి భోజనాల దగ్గర ఉండాలా పోవాలా అనే ఈ చర్చ కొత్తగా పుట్టిందనుకుంటారు గానీ, ఆ రెండూ పొలాలుగా ఉన్ననాటి నుంచే దిల్లీలో అది నడుస్తోంది.

ఉండిపోయినవాళ్ళలో ముందుగా చెప్పుకోవలసింది ఖ్వాజా మీర్ దర్ద్. 1785లో చనిపోయేదాకా ఆయన దిల్లీ గడప దాటలేదు. తండ్రి నుంచి వచ్చిన సూఫీ పీఠం, నెలనెలా ఇంట్లో సంగీత సభలు, శిష్యులు. ఆయన పట్టుదలను మెచ్చుకోవలసిందే. అయితే ఆయన అన్నం దర్బారు జీతం మీద ఆధారపడలేదన్న సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. కవిత్వం అమ్ముకుని బతికే మీర్‌కు ఆ వెసులుబాటు లేదు. దిల్లీని కాస్త నిలబెట్టిన మీర్జా నజఫ్ ఖాన్ 1782 ఏప్రిల్‌లో పోయాడు. ఆ ఏడాదే మీర్ లక్నో నవాబు ఆసఫుద్దౌలా పిలుపందుకుని వెళ్ళాడు. జీతం దొరికింది, గౌరవం దొరికింది. 1810లో చనిపోయేదాకా లక్నోను తిట్టడం మాత్రం మానలేదు. పోషించిన ఊరిని తిట్టి, పస్తులుంచిన ఊరిని పొగిడే వలసజీవి లక్షణం ఆయనతో పుట్టలేదు, ఆయనతో పోనూ లేదు.

ఇక నిజాం కుటుంబం సంగతి. 1740లో దక్కనుకు తిరిగి వెళ్తూ ఆయన పెద్దకొడుకు ఘాజీయుద్దీన్‌ను దిల్లీ దర్బారులో తన ప్రతినిధిగా ఉంచాడు. కాబట్టి ఒకే ఇంట్లో ఒక శాఖ వెళ్ళింది, ఒక శాఖ ఉండిపోయింది. చరిత్రకారుడికి ఇంత చక్కని పోలిక ఊరికే దొరకదు. ఘాజీయుద్దీన్ పన్నెండేళ్ళు దిల్లీలో గడిపి, 1752లో తండ్రి గద్దె కోసం ఔరంగాబాద్ వచ్చాడు. వచ్చిన కొద్ది రోజులకే విందులో విషం పెట్టారు. దిల్లీలో మిగిలిన ఆయన కొడుకు ఇమాదుల్ ముల్క్ పద్దెనిమిదేళ్ళు తిరిగేసరికి వజీరయ్యాడు. 1754లో అహ్మద్ షా పాదుషా కళ్ళు పొడిపించాడు. 1759 నవంబరులో తర్వాతి పాదుషా రెండో ఆలంగీర్‌ను, ఫకీరు వచ్చాడు దర్శనం చేసుకొమ్మని ఫిరోజ్ షా కోట్లాకు రప్పించి చంపించాడు. తాత ఏ దర్బారు కుళ్ళును భరించలేక గుర్రమెక్కాడో, ఆ కుళ్ళంతా ఉండిపోయిన మనుమడి చేతుల్లోకి వచ్చింది. ఆ తర్వాత జాట్ల పంచన చేరి, ఊరూరా తిరిగి, 1800లో కాల్పీలో అనామకుడిగా పోయాడు.

వెళ్ళిన శాఖ మాటేమిటి? 1748 జూన్ 1న బుర్హాన్‌పూర్‌లో ముసలి నిజాం కన్నుమూశాక, కొడుకు నాసిర్ జంగ్‌ను 1750 డిసెంబరులో జింజీ దగ్గర సొంత పక్షంవాళ్ళే చంపారు. ఆ గద్దె ఎక్కిన మనవడు ముజఫర్ జంగ్ రెండు నెలలకే మన రాయచోటి దగ్గర కడప, కర్నూలు నవాబులతో పోరులో కూలిపోయాడు. దిల్లీ నుంచి తప్పించుకున్నది దిల్లీ జబ్బు నుంచి తప్పించుకోలేదు. ఆ శాఖ మాత్రం చావక బతికి, 1948 సెప్టెంబరు దాకా గద్దె మీద నిలిచింది. దాని వెంట వచ్చినవాళ్ళు తెలుగుదేశమంతా సర్దుకున్నారు. గోపామౌ వాసి అన్వరుద్దీన్ ఖాన్ ఏలూరు, రాజమండ్రి ఏలి ఆనక ఆర్కాటు నవాబయ్యాడు. లెక్కల పుస్తకాలు పట్టుకుని కాయస్థులు, ఖత్రీలు వచ్చారు. వాళ్ళలో రాయ్ మూల్‌చంద్ అనే ఖత్రీ ఒకడు.

మూల్‌చంద్ వంశంలోనే మహారాజా చందూలాల్ పుట్టాడు. 19వ శతాబ్దం మొదటి సగంలో హైదరాబాద్ రాజ్యమంతా ఆయన కనుసన్నల్లో నడిచింది. షాదాన్ పేరుతో తానూ ఉర్దూలో రాసేవాడు. దిల్లీ కవులను పిలిచి సన్మానించడం ఆయనకు సరదా. షా నసీర్ పిలిస్తే చాలు వచ్చేవాడు, 1838లో హైదరాబాద్‌లోనే పోయాడు. ఆయన శిష్యుడు జౌఖ్‌కు కూడా కబురు వెళ్ళింది. వలస వచ్చినవాడి వంశీకుడు, వలస రమ్మని దిల్లీకి రాసిన ఉత్తరమది. జౌఖ్ దిల్లీ గల్లీలు వదిలి ఎవడొస్తాడని షేర్ చెప్పి ఊరుకున్నాడు. యువరాజు జఫర్‌కు కవిత్వం దిద్దినందుకు మొదట్లో ఆయన అందుకున్న జీతం నెలకు నాలుగు రూపాయలు. ఆ షేర్ గొప్పదే, కానీ జఫర్ ఏదో ఒకనాటికి పాదుషా అవుతాడన్న లెక్క కూడా ఆయన మనసులో ఉండే ఉంటుంది. అయ్యాడు కూడా, జీతమూ వందకు చేరింది.

జౌఖ్ 1854లో పోయాడు, మూడేళ్ళు ఆగితే వచ్చేది చూడలేదు. లక్నోలో మీర్ సమాధి మీదుగా రైలు పట్టాలు వెళ్ళాయంటారు. దిల్లీ వదలని జౌఖ్ సమాధి మీద పహాడ్‌గంజ్‌లో మునిసిపాలిటీ మరుగుదొడ్లు కట్టింది, కోర్టు చెబితే గానీ తీయలేదు. 1857లో ఇంగ్లీషువాళ్ళు ఊరు ఖాళీ చేయిస్తుంటే, ఉరికంబానికో తుపాకీ గుండుకో పోయిన పత్రికా సంపాదకుడు మౌల్వీ బాఖర్ కొడుకు ఒకడు, గురువు జౌఖ్ గజళ్ళ కట్ట చంకలో పెట్టుకుని పారిపోయాడు. ఆయన పేరు ముహమ్మద్ హుస్సేన్ ఆజాద్. చివరికి లాహోర్‌లో స్థిరపడి 1880లో ‘ఆబ్ ఎ హయాత్’ అచ్చువేశాడు. చందూలాల్ కబురు, జౌఖ్ కాదనడం వంటి దిల్లీ కవుల ముచ్చట్లెన్నో మనదాకా వచ్చింది అలా పారిపోయినవాడి ద్వారానే.

రాయచోటిలో ముజఫర్ జంగ్ శవం పక్కన ఫ్రెంచి సేనాని బుస్సీ తర్వాతి నిజాంను ఎలా ఎంచాడో, దాని వెల ఉత్తర సర్కార్ల రైతులు ఎలా కట్టారో వచ్చే సంచికలో.

(సశేషం)